రీడింగ్ టీచర్ ఎగ్జామ్: రాసే ప్రశ్నల్లో మార్కులు ఎక్కడ పోతున్నాయి?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా అమెరికాలో ఉండి, అక్కడ ఎలిమెంటరీ స్కూల్ టీచర్ అవుదామని చూస్తున్న మనవాళ్ల కోసం. ఇక్కడ బీఈడీ చేసి వెళ్లినవాళ్లున్నారు. పెళ్లయి హెచ్‌4 మీద వెళ్లి, వర్క్ పర్మిట్ వచ్చాక స్కూల్లో అసిస్టెంట్‌గా చేరినవాళ్లున్నారు. అక్కడే పుట్టి పెరిగి కాలేజీలో ఎడ్యుకేషన్ చదువుతున్న పిల్లలున్నారు. వీళ్లలో చాలామంది ఒకే మెట్టు దగ్గర ఆగుతున్నారు. అదే ఫౌండేషన్స్ ఆఫ్ రీడింగ్ ఎగ్జామ్.

మసాచుసెట్స్, కనెక్టికట్, విస్కాన్సిన్, నార్త్ కరోలినా, మిసిసిపీ లాంటి రాష్ట్రాలు టీచర్ లైసెన్స్ కోసం వాడుతూ వచ్చిన పరీక్ష ఇది. చిన్నపిల్లలకి చదవడం ఎలా నేర్పాలో మీకు తెలుసా లేదా అన్నదే ఇందులో చూస్తారు. మీ రాష్ట్రంలో ఇప్పుడు రూల్ ఏంటో మాత్రం ఒకసారి ఆ రాష్ట్ర విద్యాశాఖ సైట్‌లో చూసుకోండి, ఇవి మారుతుంటాయి. కాలిఫోర్నియావాళ్లు "రైకా గురించి చెప్పండి" అని అడుగుతున్నారు. 2021లో వచ్చిన ఎస్‌బీ 488 చట్టంతో 2025లో రైకా ఆగిపోయింది. దాని బదులు మీరు క్లాసులో నేర్పుతున్న తీరును చూసే అసెస్‌మెంట్ వచ్చింది. కానీ ఈరోజు చెప్పే ఆలోచనా పద్ధతి దానికీ పనికొస్తుంది, కాబట్టి మీరూ ఉండండి.

ముందు లెక్క చూద్దాం. 100 బిట్లు, రెండు రాసే ప్రశ్నలు. టైమ్ నాలుగు గంటలు. బిట్లకి 80 శాతం, రాసే రెండింటికీ కలిపి 20 శాతం. రాసే వాటిలో ఒకటి అక్షరాలు, శబ్దాలు, మాటలు చదవడం మీద ఉంటుంది. రెండోది చదివింది అర్థం చేసుకోవడం మీద. మసాచుసెట్స్‌లో అయితే 100 నుంచి 300 వరకూ ఉండే స్కేలు మీద 240 రావాలి.

"20 శాతమే కదా అక్కా, బిట్లలో లాగేస్తా" అనేవాళ్లు ఉంటారు. బిట్లలో మంచి మార్కులు వచ్చేవాళ్లకి అది కుదరొచ్చు. కానీ అంచు మీద ఉండేవాళ్లకి పాసూ ఫెయిలూ తేల్చేది ఈ రెండు జవాబులే. పైగా ఫెయిలైతే మళ్లీ ఫీజు కట్టాలి, డేట్ దొరికేదాకా ఆగాలి. ఈలోపు స్కూల్లో పోస్టు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది.

మనవాళ్లకి ఇక్కడ ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా టెట్ అంటే 150 బిట్లు, 150 మార్కులు. మనం బిట్ బ్యాంకులు మింగి పెరిగినవాళ్లం. నాలుగు ఆప్షన్లు కళ్ల ముందుంటే సరైనది పట్టేస్తాం. ఖాళీ పెట్టె ఇచ్చి "రాయండి" అనగానే మన రెండో అలవాటు బయటికొస్తుంది, ఇంటర్‌లో, డిగ్రీలో నేర్చుకున్నది: తెలిసిందంతా రాసి పేజీ నింపడం. హెడ్డింగులు పెట్టు, పాయింట్లు పెంచు, దిద్దే సార్ పేజీలు లెక్కపెడతాడు. ఈ పరీక్షలో పేజీలు లెక్కపెట్టే సార్ లేడు. దిద్దేవాళ్ల దగ్గర నాలుగు పాయింట్ల స్కేలు ఉంటుంది. దాంట్లో వాళ్లు చూసేవి: అడిగిన పని చేశారా, సబ్జెక్ట్ తెలుసా, ఆధారాలు చూపించారా, ఎందుకో వివరించారా. ఈ ఆధారాలు, ఎందుకు అన్న రెండింటి దగ్గరే మనం ఎక్కువ పోగొట్టుకుంటున్నాం.

ప్రశ్న ఎలా ఉంటుందంటే, ఒక పిల్లో పిల్లాడో చదివిన రికార్డు ఇస్తారు. ఏ మాటని ఎలా చదివారు, టీచర్ అడిగిన దానికి ఏం చెప్పారు, ఇవన్నీ అందులో ఉంటాయి. అది చూసి ఆ బిడ్డకి ఉన్న ఒక ముఖ్యమైన అవసరం గుర్తించాలి, ఆధారం చూపించాలి, దానికి తగ్గ ఒక బోధనా పద్ధతి చెప్పాలి, అది ఎందుకు పనిచేస్తుందో చెప్పాలి. డాక్టర్ దగ్గర ల్యాబ్ రిపోర్ట్ పెట్టినట్టు అనుకోండి. రిపోర్ట్ చూడకుండా "మంచి ఆహారం తినండి, వ్యాయామం చెయ్యండి" అంటే అబద్ధం కాదు గానీ, ఫీజు ఎందుకు కట్టామా అనిపిస్తుంది కదా?

సరే, ఒక ఉదాహరణ చూద్దాం. ఇది నేను తయారు చేసింది, పరీక్షలో వచ్చింది కాదు. రెండో తరగతి బాబు. టీచర్ విడి మాటలు చదివించింది. షిప్, ఫ్లాగ్, చాప్, స్టంప్, బ్రష్, ఇవన్నీ కరెక్టుగా చదివాడు. తర్వాత కె-ఐ-టి-ఇ అని ఉన్న కైట్‌ని "కిట్" అన్నాడు. కేప్‌ని "క్యాప్" అన్నాడు. హోప్‌ని "హాప్" అన్నాడు. రైడ్‌ని "రిడ్" అన్నాడు. ఆ తర్వాత చిన్న కథ ఇచ్చింది. అందులో మేక్, హోమ్ అన్న మాటలు సరిగ్గానే చదివాడు. ఒకచోట కైట్‌ని మళ్లీ "కిట్" అని చదివి, వాక్యం చివరికి వెళ్లాక ఏదో తేడాగా ఉందనిపించి, వెనక్కి వచ్చి "కైట్" అని సరిచేసుకున్నాడు.

ఇప్పుడు చాలామంది రాసే జవాబు ఇలా ఉంటుంది: "ఈ విద్యార్థికి డీకోడింగ్‌లో సమస్య ఉంది. టీచర్ ఫోనిక్స్ నేర్పాలి. రోజూ 20 నిమిషాలు గట్టిగా చదివించాలి. తల్లిదండ్రులు ఇంట్లో సహకరించాలి. చదవడం జీవితంలో చాలా ముఖ్యం." ఒక్క వాక్యం కూడా తప్పు కాదు. కానీ ఈ జవాబుని ఇంకో పది మంది పిల్లల కింద పెట్టినా సరిపోతుంది. అదే దీంట్లో లోపం. ఈ బాబు చదివిన ఒక్క మాట కూడా ఇందులో లేదు.

రికార్డుని మళ్లీ చూడండి, నెమ్మదిగా. వాడికి డీకోడింగ్ రాదా? వచ్చు! షిప్‌లో రెండక్షరాలు కలిసి ఒకే శబ్దం ఇస్తాయి, అది పట్టుకున్నాడు. స్టంప్‌లో ముందు రెండు హల్లులు, వెనక రెండు హల్లులు ఉన్నాయి, అవీ లాగేశాడు. పొట్టి అచ్చులు వచ్చు. తప్పులన్నీ ఒకే చోట పోగయ్యాయి. చివర ఒక ఇ ఉండి, అది పలక్కుండా, ముందున్న అచ్చుని మార్చే మాటలు. సైలెంట్ ఇ అంటాం కదా, అచ్చు-హల్లు-ఇ అనే నమూనా, అక్కడే. వాడు ఎడమ నుంచి కుడికి ఒక్కో అక్షరాన్నీ పలుకుతూ వెళ్లి, చివరి ఇ ని వదిలేస్తున్నాడు.

మరి మేక్, హోమ్ కరెక్టుగా ఎలా చదివాడు? వాటిలోనూ అదే నమూనా ఉందిగా? ఇదే చాలామందిని తికమక పెట్టేది. ఆ రెండూ చిన్న తరగతుల పుస్తకాల్లో ప్రతి పేజీలో కనిపించే మాటలు. చూసీ చూసీ గుర్తుండిపోయి ఉంటాయి. నమూనా తెలిస్తే కేప్ కూడా వచ్చేది. ఈ విషయాన్ని జవాబులో ఒక వాక్యంగా రాస్తే, ఈ మనిషి రికార్డుని నిజంగా చదివింది అని దిద్దేవాళ్లకి తెలిసిపోతుంది.

ఇంకొకటి, ఆ సరిచేసుకోవడం. అది వాడి బలం. అర్థం కుదరకపోతే ఆగి చూసుకుంటున్నాడు, మంచిదే. కానీ అక్కడ వాడిని కాపాడింది వాక్యం అర్థం, అక్షరాలు కాదు. విడి మాటల లిస్టులో వాక్యం లేదు కాబట్టి అక్కడ దొరికిపోయాడు. కాబట్టి "సరిచేసుకున్నాడు, కాబట్టి సమస్య లేదు" అని రాయకండి. అలాగే "బొమ్మ చూసి, సందర్భం చూసి ఊహించమని చెప్తాను" అని కూడా రాయకండి. ఒకప్పుడు చాలా క్లాసుల్లో అలాగే చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ పద్ధతిని కొన్ని రాష్ట్రాలు చట్టం పెట్టి మరీ ఆపాయి. ఈ పరీక్ష కూడా ఆ వైపు లేదు.

ఇక పద్ధతి. "ఫోనిక్స్ నేర్పుతాను" అంటే చాలదు. టీచర్ చేతిలో ఏముంది, నోటితో ఏం అంటుంది, పిల్లాడు ఏం చేస్తాడు, చదివేవాళ్లకి కనిపించాలి. ఉదాహరణకి ఇలా: టీచర్ అక్షరాల బిళ్లలతో కిట్ అని పేర్చి చదివిస్తుంది. తర్వాత చివర ఇ బిళ్ల పెట్టి, "ఈ ఇ పలకదు, కానీ ముందున్న ఐ ని దాని పేరుతో పలికిస్తుంది" అని నేరుగా చెప్పి, కైట్ అని చదివి చూపిస్తుంది. తర్వాత బాబు క్యాప్‌ని కేప్ చేస్తాడు, హాప్‌ని హోప్ చేస్తాడు, రిడ్‌ని రైడ్ చేస్తాడు, ప్రతిసారీ రెండూ చదువుతాడు. తర్వాత అవే మాటలు టీచర్ చెప్తుంటే రాస్తాడు. చివరికి ఆ నమూనా ఎక్కువగా వచ్చే చిన్న కథ ఒకటి చదువుతాడు. చూశారా, ఇది మళ్లీ ఏ పిల్లాడికైనా సరిపోదు. రికార్డులో తప్పు పోయిన మాటలే ఇక్కడ బిళ్లల మీదకి వచ్చాయి.

ఇప్పుడు ఎందుకు. చాలామంది ఇక్కడ "ఇది చాలా ఎఫెక్టివ్ పద్ధతి కాబట్టి" అని రాసి లేచిపోతారు. అది కారణం కాదు, సర్టిఫికెట్. కారణం అంటే ఇలా ఉండాలి: కిట్, కైట్ పక్కపక్కన పెట్టినప్పుడు మారేది ఒక్క ఇ మాత్రమే. మిగతాదంతా వాడికి వచ్చిందే. అందుకని వాడి చూపు ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళ్తుంది. ఒక్కో అక్షరాన్ని విడివిడిగా పలికే దశ నుంచి, అక్షరాల గుంపుని ఒక ముక్కగా చూసే దశకి వస్తాడు. లినియా ఎరీ అనే పరిశోధకురాలు ఈ దశలకి పేర్లు పెట్టారు, మొదటిది పూర్తి అక్షర దశ, రెండోది ఏకీకృత దశ అనుకోవచ్చు. ఇంగ్లీషులో ఫుల్ ఆల్ఫబెటిక్, కన్సాలిడేటెడ్ ఆల్ఫబెటిక్ అని రాస్తారు. పేరు రాస్తే మంచిదే, కానీ పేరు రాసి వివరణ మానేస్తే లాభం లేదు. వివరణ ఉండి పేరు మర్చిపోయినా పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం.

ఇక్కడ తెలుగువాళ్లకి ఒక అడ్వాంటేజ్ ఉంది. మన గుణింతం గుర్తు తెచ్చుకోండి. క కి గుడి పెడితే కి, ఐత్వం పెడితే కై. అచ్చు మారిందని చెప్పే గుర్తు ఆ అక్షరం మీదే, అక్కడికక్కడే కనబడుతుంది. ఇంగ్లీషులో ఆ గుర్తు రెండక్షరాల అవతల, మాట చివర, నోరు మూసుకుని కూర్చుంటుంది. ఏడేళ్ల పిల్లాడికి అది ఎందుకు కష్టమో, అలా లేని లిపిలో చదువుకున్న మనకే బాగా తెలియాలి.

కానీ అదే లిపి ఇంకోచోట మనల్ని ముంచుతుంది. ఇది కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే బిట్లలోనూ దీని మీదే తప్పులు పోతాయి. స్ట్రీట్ అన్న మాటలో ఎన్ని శబ్దాలు? చప్పున అడిగితే చాలామంది రెండు అంటారు. ఎందుకంటే మన కంటికి, చెవికి "స్ట్రీ" ఒకే అక్షరం, తర్వాత "ట్". మన ప్రమాణం అక్షరం. హల్లు, ఒత్తులు, అచ్చు కలిసి ఒక ముద్ద. ఇంగ్లీషు చదవడం నేర్పేచోట ప్రమాణం ఫోనీమ్, అంటే విడి శబ్దం. స్, ట్, ర్, ఈ, ట్. ఐదు. బాక్స్‌లో మూడక్షరాలే ఉన్నాయి గానీ శబ్దాలు నాలుగు, ఎందుకంటే చివరి ఎక్స్ ఒక్కటే క్, స్ అని రెండు పలుకుతుంది. షిప్‌లో నాలుగక్షరాలు, మూడు శబ్దాలు. రోజూ పది మాటలు తీసుకుని వేళ్ల మీద లెక్కపెట్టండి. వారం రోజుల్లో చెవి మారుతుంది.

వి, డబ్ల్యూ సంగతి కూడా. మన నోట్లో వెస్ట్ అంటే దిక్కూ అదే, లోపల వేసుకునే బట్టా అదే! ఇంగ్లీషులో అవి రెండు వేరు శబ్దాలు. పరీక్షలో మీ ఉచ్చారణ ఎవరూ వినరు, కానీ రెండూ ఒకటే అనుకుని జవాబు రాస్తే మార్కు పోతుంది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్ల ఒక మాటని తన యాసలో పలికితే, అది చదవడంలో తప్పు కింద రాయకూడదు. మాట గుర్తుపట్టిందా, అర్థం తెలిసిందా అన్నది చూడాలి. రికార్డులో అలాంటి పిల్ల వచ్చినప్పుడు ఈ తేడా మీరు చూపించగలిగితే చాలా బాగుంటుంది. మనకంటే బాగా ఇది ఎవరికి తెలుస్తుంది చెప్పండి?

పదాల గందరగోళం ఒకటి తేల్చేద్దాం. ఫోనలాజికల్ అవేర్‌నెస్ అంటే పెద్ద గొడుగు. ప్రాసలు, మాటలో ముక్కలు, శబ్దాలు అన్నీ దాని కిందే. ఫోనెమిక్ అవేర్‌నెస్ అంటే ఆ గొడుగు కింద విడి శబ్దాల దగ్గరి పని మాత్రమే. ఫోనిక్స్ అంటే శబ్దాన్ని రాసిన అక్షరంతో ముడిపెట్టడం. సింపుల్ టెస్ట్ ఏంటంటే, కరెంటు పోయి చీకట్లో కూర్చుని కూడా చెయ్యగలిగితే మొదటి రెండూ. అక్షరం కనబడాలి అంటే ఫోనిక్స్. ఇవి తారుమారు చేసి రాస్తే సబ్జెక్ట్ తెలియదని అర్థమైపోతుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న, అర్థం చేసుకోవడం మీద. ఇక్కడ చేసే పొరపాటు వేరేగా ఉంటుంది. ఐదో తరగతి పాప అనుకోండి. కాలిఫోర్నియాలో బాదం తోటల వ్యాసం ఇచ్చారు. బాదం చెట్లు కాయాలంటే తేనెటీగలు పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి మోయాలని ఒక పేరాలో ఉంది. చుట్టుపక్కల ఉండే ఈగలు అంత పెద్ద తోటలకి చాలవని ఇంకో పేరాలో ఉంది. ఫిబ్రవరిలో రైతులు తేనెపెట్టెల్ని అద్దెకి తెప్పించుకుంటారని మూడో పేరాలో ఉంది. పాప తడబడకుండా, మంచి వేగంతో గట్టిగా చదివింది. ఏం చదివావో చెప్పమంటే వరసగా వివరాలన్నీ చెప్పింది. పాలినేట్ అంటే ఏంటంటే "పుప్పొడి మోయడం" అంది. "మరి రైతులు పెట్టెలు ఎందుకు అద్దెకి తెచ్చుకుంటారు?" అంటే, "తేనె కోసం" అంది.

ఏం రాస్తారు? "ఫ్లూయెన్సీ పెంచాలి" అని రాసేవాళ్లు ఉన్నారు. పాప బాగా చదివిందని రికార్డులో ఉండగా! "వొకాబులరీ నేర్పాలి" అని రాసేవాళ్లు ఉన్నారు. కష్టమైన మాటకి అర్థం తనే చెప్పింది. ఇక్కడ పని ముందు కొట్టేయడం. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు ఒక సింపుల్ లెక్క ఇచ్చారు: చదివి అర్థం చేసుకోవడం అంటే మాటలు చదవగలగడం ఇంటూ భాష అర్థం కావడం. ఇందులో ఏది సున్నా అయినా మొత్తం సున్నా. ఈ పాపకి మొదటి భాగం బాగుంది. సమస్య రెండో భాగంలో ఉంది. అందులో కూడా మాటల అర్థాలు కాదు, నేరుగా రాసి ఉన్నది చెప్పగలగడం కాదు. మూడు పేరాల్లో విడివిడిగా ఉన్న విషయాల్ని కలిపి, రాయని కారణాన్ని పట్టుకోవడం. ఇన్ఫరెన్స్ అంటారు. అంతేకాదు, తేనెటీగ అంటే తేనె అని తనకి ముందే తెలిసిన సంగతి, పేజీలో ఉన్నదాన్ని తోసేసింది. ఈ చివరి వాక్యం రాసినవాళ్లు కచ్చితంగా దిద్దేవాళ్ల కంట్లో పడతారు.

పద్ధతి కూడా దానికి తగ్గట్టే. టీచర్ తన ఆలోచనని పైకి చెప్తూ చేసి చూపిస్తుంది: "ఇక్కడ పుప్పొడి మోయాలి అంటున్నాడు, ఇక్కడ ఈగలు చాలవు అంటున్నాడు, ఈ రెండూ కలిపితే..." అని. తర్వాత మూడు గళ్ల కాగితం ఇస్తుంది. మొదటి గడిలో పుస్తకం ఏమంది, రెండో గడిలో నాకు ముందే ఏం తెలుసు, మూడో గడిలో కాబట్టి ఏమైంది. పాప మొదటి గడిలో వేరు వేరు పేరాల నుంచి కనీసం రెండు వాక్యాలు తేవాలి. ఎందుకు రెండు? ఒక్కటే అయితే కలపాల్సిన పని ఉండదు కాబట్టి. రెండో గడి ఎందుకు? తనకి తెలిసింది, పుస్తకంలో ఉన్నది వేరు వేరు అని కళ్లకి కనబడాలి కాబట్టి. చూశారా, పద్ధతిలో ప్రతి ముక్కకీ ఒక "ఎందుకు" ఉంది. రేషనల్ అన్న భాగం విడిగా రాయక్కర్లేదు, ఇలా అల్లుకుంటూ పోతే చాలు.

ఒకే అవసరం అడిగితే ఒకటే రాయండి. మూడు రాస్తే మూడింతలు మార్కులు రావు. ఏది ముఖ్యమో తేల్చుకోలేకపోయారు అనుకుంటారు.

టైమ్ సంగతి. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. బిట్టుకి నిమిషంన్నర చొప్పున 100 బిట్లకి 150. మిగిలిన 90లో ఒక్కో జవాబుకి 40 నిమిషాలు, చివరి 10 చదివి చూసుకోవడానికి. 40లో మొదటి పది నిమిషాలు ఒక్క వాక్యం కూడా టైప్ చెయ్యకండి. రికార్డులో తప్పు పోయినవి ఒకవైపు, సరిగ్గా వచ్చినవి ఒకవైపు రాసుకోండి. సరిగ్గా వచ్చినవి ఎందుకంటే, ఇందాక చూశాం కదా, సమస్య ఏది కాదో చెప్పేవి అవే. కొంతమంది రాసే ప్రశ్నలు ముందు చేసి తర్వాత బిట్లకి వెళ్తారు. అలవాటుని బట్టి చేసుకోండి, నాకైతే బుర్ర తాజాగా ఉన్నప్పుడే రాయడం నయం అనిపిస్తుంది.

ప్రాక్టీస్ ఎలా? పరీక్ష పెట్టేవాళ్ల సైట్‌లోనే ప్రాక్టీస్ టెస్ట్ ఉంది, ముందు అది చెయ్యండి. యూట్యూబ్‌లో "ఈ టెంప్లేట్ బట్టీ పట్టండి, పాస్" అనే వీడియోలు తిరుగుతున్నాయి. టెంప్లేట్ అంటే వాక్యం మొదలుపెట్టడానికి ఊతకర్ర, అంతవరకే. దాంట్లో పోసేది ఆ బిడ్డ చదివిన మాటలే అయ్యుండాలి.

నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటి చెప్తా. రికార్డు చూశాక ముందు తెలుగులో నోటితో చెప్పండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకో, చెల్లికో చెప్పండి: "ఒక పిల్లాడున్నాడమ్మా, కిట్ అంటాడు గానీ కైట్ అనలేడు." అమ్మ "ఎందుకూ?" అంటుంది చూడండి, అదే రేషనల్. అమ్మకి అర్థమయ్యేలా చెప్పగలిగారంటే, దాన్ని ఇంగ్లీషులో పెట్టడం మిగతా పని. పరీక్ష ఇంగ్లీషులోనే కాబట్టి ఆ రెండో పని ఎగ్గొట్టొద్దు. రోజుకో జవాబు టైప్ చెయ్యండి. అలాగే మీ పిల్లలో, పక్కింటి పిల్లలో ఉంటే పది నిమిషాలు చదివించి, తప్పు పోయిన మాటలు ఒక కాగితం మీద రాసుకోండి. తిట్టకండి పాపం, వినండి అంతే. ఇరవై మంది పిల్లల్ని విన్నవాళ్లకి పరీక్షలో వచ్చే రికార్డు కొత్తగా ఉండదు.

చాలామంది అడిగేది: "గ్రామర్ తప్పులుంటే మార్కులు పోతాయా?" మొదట్లో చెప్పిన నాలుగు అంశాలు గుర్తుతెచ్చుకోండి, స్టైల్‌గా రాయడం అందులో లేదు. అర్థమయ్యేలా ఉంటే చాలు. చిన్న వాక్యాలు రాయండి. మన పిల్లలు స్పెల్లింగ్ బీలు గెలుస్తున్నారని వాట్సాప్‌లో తెగ ఫార్వర్డ్ చేసుకుంటాం, సంతోషమే. కానీ స్పెల్లింగ్ రావడం వేరు, స్పెల్లింగ్ రాని పిల్లాడు ఎక్కడ ఆగాడో కనిపెట్టడం వేరు. పరీక్ష రెండోది అడుగుతుంది.

ఇంత కఠినంగా ఎందుకంటారా? మిసిసిపీనే చూడండి. 2013లో తెచ్చిన చట్టం ప్రకారం మూడో తరగతి చివర రీడింగ్ టెస్ట్ దాటకపోతే, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, పిల్లని అదే తరగతిలో ఉంచేస్తారు. ఎనిమిదేళ్ల పిల్ల, తన ఫ్రెండ్స్ అంతా నాలుగుకి వెళ్లిపోతే, మళ్లీ మూడులో కూర్చుంటుంది. రెండో తరగతిలో ఎవరో ఒకరు "ఈ పిల్లకి చివరి ఇ తెలియట్లేదు" అని కనిపెట్టి ఉంటే ఆ పరిస్థితి రాకపోవచ్చు. ఆ ఎవరో ఒకరు మీరే అవుతారా లేదా అని చూస్తున్నారు.

సరే, హోమ్‌వర్క్. ఒకటో తరగతి పాప. మ్యాప్, సన్ అన్న మాటల్లో ఎన్ని శబ్దాలో విడదీసి కరెక్టుగా చెప్పింది. స్టాప్ అంటే మాత్రం "స్, ఆ, ప్" అని మూడే చెప్పింది. రాయమంటే ఎస్-ఓ-పి అని రాసింది. ఫ్రాగ్‌ని ఎఫ్-ఓ-జి అని రాసింది. ఎస్, టి, ఎఫ్, ఆర్ అక్షరాలు విడిగా చూపిస్తే నాలుగింటి శబ్దాలూ చెప్పింది. ఈ పాప అవసరం ఏంటి, ఫోనిక్సా, ఫోనెమిక్ అవేర్‌నెస్సా? ఏ ఆధారంతో అంటున్నారు? రెండు వాక్యాల్లో కామెంట్‌లో రాయండి, తెలుగులో అయినా సరే. "స్టా" మీ చెవికి ఒకే అక్షరంలా వినబడుతుందని మర్చిపోకుండా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మీ జవాబులే తీసుకుని, ఒక్కోటి ఎక్కడ నిలబడిందో ఎక్కడ జారిందో చూద్దాం.